గోడ అవతలి కీబోర్డ్

ఆ పొద్దున పార్సిప్పనీ ఊరి మీద ఆకాశం తడిసిన గోనెసంచిలా వేలాడుతోంది. పడేది వానా కాదు, మంచూ కాదు. రెండింటి మధ్యా ఏదో తేల్చుకోలేక రాలుతోంది. మార్చి నెలలో ఇక్కడ అంతే. వైపర్లు ఆపితే అద్దం మసక, వేస్తే కీచుమంటాయి. ఆ కీచు వింటూ అంజయ్య తొమ్మిదేళ్లుగా ఆఫీసులకు పోతున్నాడు. ఆఫీసులే మారాయి, కీచు మారలేదు.

అంజయ్యది నల్గొండ దగ్గర ఒక పల్లె. కౌలు రైతు కొడుకు. ఊరి బళ్లో చదివి, ఆ పైన పట్నం, ఆ పైన ఈ దేశం. ముప్పై మూడేళ్లు. మాట తక్కువ, చూపు ఎక్కువ.

కన్సల్టెంట్ బతుకు కౌలు బతుకే అనుకుంటాడు. రాళ్లేరి, గట్లేసి, పొలం దారికొచ్చాక ఇంకొకరికి అప్పజెప్పి పోవాలి. ఆ అప్పగింతను వీళ్లు కేటీ అంటారు, అంటే నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్. పనిలో ఒక్కొక్క అంశానికి షీట్‌లో ఒక్కొక్క వరుస ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు "నాకు వచ్చింది" అని ఒప్పుకుంటే వరుస గ్రీన్. లేకపోతే రెడ్. అన్నీ గ్రీన్ అయితేగానీ పాతవాడికి విడుదల లేదు.

ఇప్పటికి ఐదు ఊళ్లు అప్పజెప్పాడు. ఈసారి రెండు వారాలు గడువు. ఆ తర్వాతి సోమవారం కొత్త పనికి దూరపు ఊరు షామ్‌బర్గ్‌లో ఉండాలి. కొత్తగా వచ్చే మనిషి పేరు వసుమతి అని మెయిల్‌లో చూశాడు. అంతే తెలుసు.

తొమ్మిదింటికి హెడ్‌సెట్ పెట్టుకుని కాల్‌లో చేరాడు. కేటీ మొత్తం రికార్డ్ కావాలని రూలు.

"హలో, అంజయ్య గారేనా? నేనండీ, వసుమతిని."

గోదావరి జిల్లాల సాగదీత ఉంది గొంతులో. అంజయ్య బదులు చెప్పబోయి ఆగాడు. ఆ గొంతు చెవిలో ఒకసారి, సీట్ల మధ్య అడ్డుగా ఉండే క్యూబ్ గోడ అవతలి నుంచి ఒకసారి, రెండుసార్లు వినబడింది. గోడవైపు నుంచి వచ్చిందే ముందు. ఆమె కూర్చున్నది పక్క సీట్లోనే.

చెప్పొచ్చు. చెబితే లేచి పలకరించాలి, నవ్వాలి, ఏ ఊరని అడగాలి. ఒంట్లో ఓపిక లేదు.

"అవునండి. స్క్రీన్ షేర్ చేయండి," అన్నాడు.

ఆ ఇన్సూరెన్స్ కంపెనీ పని ఇంకా పాతకాలపు నల్ల తెర మీదే నడుస్తుంది. ఆకుపచ్చ అక్షరాలు, మౌస్ పనికిరాదు, అన్నీ కీలతోనే. పదిహేనేళ్ల కిందట హనుమయ్య గారని ఒకాయన రాసిపోయిన డాక్యుమెంటే అందరికీ దారి. ఆయన రాసింది పెద్ద కీబోర్డ్ రోజుల్లో. 'పాజ్ నొక్కితే తెర ఖాళీ అవుతుంది' అని ఉంటుంది. ఇప్పుడిచ్చే పల్చటి ల్యాప్‌టాప్‌లలో పాజ్ లేదు, ఇన్సర్ట్ లేదు, స్క్రోల్ లాక్ లేదు, బ్రేక్ లేదు. చిన్న మూటలో పట్టలేదని కొన్ని సామాన్లు వదిలేసి వచ్చినట్టు చేశారు. వాటికి బదులు ఏవేవో రెండు కీలు కలిపి నొక్కాలి. అంజయ్య తన మట్టుకు అవన్నీ వెతికి పెట్టుకున్నాడు.

"పాజ్ ఏదండీ నాకు? కనబళ్లేదు," అంది వసుమతి.

"లేదండి. ఎడమ చేతికింద చివరి మూల కీ పట్టుకుని, పి నొక్కండి."

"నొక్కాను."

"తెర ఖాళీ కావాలె."

"కాలేదు."

"మళ్ల నొక్కండి."

ఆమె నొక్కింది. మళ్లీ నొక్కింది. కొత్త మనిషి, చెయ్యి తిరగలేదేమో అనుకుని అంజయ్య విసుగు మింగుకున్నాడు. ఇంకో పదిసార్లకు పైనే నొక్కించాడు.

కాసేపటికి గోడ మీద ఒక ముఖం లేచింది. చామనఛాయ, కళ్లజోడు, నిద్ర చాలని కళ్లు. చేతిలో కాగితాల కట్ట.

"ఏవండీ, ఇవేమిటో మీకేమైనా తెలుసా? కారిడార్‌లో ప్రింటర్ ఆగకుండా కక్కుతోందట. పద్నాలుగు. అన్నీ నా పేరు మీదే."

అంజయ్య చూశాడు. పద్నాలుగు కాగితాలు, పద్నాలుగింటి మీదా ఒకే తెర.

అతని తెర మీద కూడా తన తెరే కనబడింది ఆమెకు. "అంటే మీరిక్కడే ఉన్నారా?" అంది. "గంట నుంచీ నేను మీతో ఏ హైదరాబాదుకో మాట్లాడుతున్నాననుకుంటున్నా! మీకు తెలుసా, నేను పక్కనే ఉన్నానని?"

"తెలుసు."

"మరి చెప్పరేం?"

"అడగలేదు గదా మీరు."

ఆమె కాగితాలు గోడమీద దబ్బున పెట్టింది. "కొత్తవాళ్లకి పని చెప్పకుండా దాచుకునేవాళ్లుంటారని విన్నాను. మనిషినే దాచుకునేవాళ్లని ఇప్పుడే చూట్టం."

అంజయ్య లేచి గోడ చుట్టూ తిరిగి వచ్చాడు. ఆమె కీబోర్డ్ చూడగానే తప్పు తెలిసింది. ఆమెకిచ్చింది వేరే కంపెనీ ల్యాప్‌టాప్. ఇతని దాంట్లో మూలన, లేని కీల పని చేయించే ఎఫ్ఎన్ కీ ఉంటుంది. ఆమె దాంట్లో మూలన కంట్రోల్ ఉంది. కంట్రోల్, పి అంటే ప్రింట్.

"తప్పు నాదే," అన్నాడు.

అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. తిట్టడానికి సిద్ధం చేసుకున్న మాటలు ఏం చేసుకోవాలో తెలియక కళ్లజోడు తీసి తుడుచుకుంది.

*

ఇతనికి పనిచేసిన జతలేవీ ఆమె దాంట్లో పనిచెయ్యలేదు. అన్నీ మళ్లీ మొదటి నుంచి వెతకాలి. ఎఫ్ఎన్ పట్టుకుని ఏ నుంచి జెడ్ దాకా ఒక్కొక్క అక్షరం నొక్కి చూడటమే.

"విత్తనం ఒక్కొక్కటే వేసినట్టు," అన్నాడు అంజయ్య ఒకసారి. ఆ వారంలో అతను అడక్కుండా మాట్లాడిన మొదటి మాట అదే.

"అబ్బో, మాట్లాడతారన్నమాట," అంది వసుమతి హెడ్‌సెట్‌లో. గోడ మీంచి నవ్వు ముందు వచ్చింది. చెవిలో తర్వాత వచ్చింది.

ఇ దగ్గర ఇన్సర్ట్ దొరికింది. సి దగ్గర స్క్రోల్ లాక్. డబ్ల్యూ దగ్గర తెర గబుక్కున ఖాళీ అయింది.

"వచ్చింది! వచ్చిందండీ! డబ్ల్యూ! ఇక్కడ పెట్టాలని ఎవడికి పుట్టిందో బుద్ధి!"

పక్క వరసలో ఎవరో తల తిప్పి చూశారు. అంజయ్య షీట్‌లో ఆ వరుస గ్రీన్ అవడం చూస్తూ కూర్చున్నాడు. సంతోషించాల్సింది. ఒక వరుస తగ్గిందే అనిపించింది. ఎందుకలా అనిపించిందో వెంటనే తేల్చుకోలేదు.

ఆమె గురించి ఒక్కొక్కటీ తెలుస్తోంది. అడిగి తెలుసుకున్నవి కావు. ఆలోచించేటప్పుడు పెన్ను మూత తీసి పెడుతుంది. మధ్యాహ్నం మూడింటికి గొంతు బరువెక్కుతుంది. తల్లికి ఫోన్ చేసినప్పుడు మాత్రం లేని హుషారు తెచ్చుకుంటుంది, పెట్టగానే ఊపిరి వదులుతుంది. ఆ ఊపిరి అంజయ్యకు తెలుసు. తనదీ అదే.

ఒకరోజు సాయంత్రం ఐదున్నరకు ఇద్దరూ పార్కింగ్ లాట్‌లోకి వచ్చేసరికి వాన మొదలైంది. ఆమె గొడుగు తెరిచిందో లేదో గాలికి తిరగబడి గిన్నెలా అయింది.

"నవ్వకండి," అంది.

"నవ్వలేదు."

"కళ్లు నవ్వుతున్నాయి. నోరే మొహమాటపడుతోంది." గొడుగు సరిచేసుకుంటూ, "ఇదేం గాలి, షామ్‌బర్గ్‌లో చూడాలి మీరు. నేను అక్కణ్ణుంచేగా వచ్చింది. రెండేళ్లున్నా."

"నేను అక్కడికే పోతున్న."

ఆమె చేతులు ఆగాయి. "చూశారా, మనం ఎప్పుడూ ఎదురెదురు బస్సుల్లో ఉంటాం కాబోలు. అలిసిపోలేదా అంజయ్య గారూ, ఇలా తిరిగి తిరిగి?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. మీ రేటెంత అన్నారు, వీసా ఏ స్టేజ్‌లో ఉందన్నారు. అలిసిపోయావా అని అడగలేదు. అంజయ్య తన తలమీద పడుతున్న వాన సంగతి మరిచిపోయి నిలబడ్డాడు.

"అలిసిన," అన్నాడు.

"నేనూ," అంది వసుమతి. ఎవరి కారు వాళ్లు ఎక్కారు.

*

రెండో వారానికి ఒక్క వరుసే రెడ్‌లో మిగిలింది. బ్రేక్ కీ.

దాని కథ వేరు. ప్రతి గురువారం పొద్దున పాలసీదారులకు పోయే ఉత్తరాల ప్రోగ్రామ్ నడుస్తుంది. అప్పుడప్పుడు మధ్యలో ఇరుక్కుపోతుంది. అప్పుడు బ్రేక్ నొక్కి ఆపి, మళ్లీ మొదలుపెట్టాలి. ఆపకపోతే ఒక్కొక్కరికి రెండేసి ఉత్తరాలు పోతాయి. మామూలప్పుడు నొక్కి చూద్దామంటే, బాగా నడిచేదాన్ని ఆపేసినట్టవుతుంది. అది ఇరుక్కున్న రోజే పరీక్ష. మొదటి గురువారం అది శుభ్రంగా నడిచింది.

మేనేజర్ రవిశంకర్ బుధవారం వచ్చి క్యూబ్ గోడ మీద చేతులాన్చాడు. యాభై దాటిన మనిషి. ఎవరినీ గట్టిగా అనడు, అనకుండా వదలడు.

"అంజయ్యా, ఒక్క రెడ్ వల్ల నీ రిలీజ్ ఆగింది. శుక్రవారానికి తేలకపోతే షామ్‌బర్గ్‌ వాళ్లు ఇంకొకణ్ణి చూసుకుంటారు. ఆ తర్వాత నిన్ను పెట్టడానికి నా దగ్గర చోటు లేదు."

ఆయన పోయాక అంజయ్య హెడ్‌సెట్ లేకుండానే గోడవైపు తిరిగి అన్నాడు: "వసుమతి గారూ, బ్రేక్ ఆర్ దగ్గర అయి ఉంటదండి. వేరే అక్షరాలన్నీ చూసినం గదా. గ్రీన్ పెట్టేయండి. తేడా వస్తే ఫోన్ చేయండి, నేను చెప్త."

"పెట్టను."

"ఎందుకు?"

"షామ్‌బర్గ్‌లో ఇలాగే ఒకాయన ఫోన్ చెయ్యమన్నాడు, పెట్టాను. ఇండియా వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తలేదు. ఆర్నెల్లు మాటలు పడ్డాను. నా చేత్తో నొక్కి, ఆగింది అని నా కళ్లతో చూస్తేనే పెడతాను." ఆ మీద కాస్త మెత్తబడి, "మీరు ఎత్తరని కాదు. ఎత్తి మాత్రం ఏం మాట్లాడతారు చెప్పండి? 'అవునండి, కాదండి' కోసం లాంగ్ డిస్టెన్స్ ఎందుకు?"

ఆ సాయంత్రం ఊరి నుంచి తల్లి ఫోన్. ఏదో సంబంధం వాళ్లు వీడియోలో చూసి, పిల్లగాడు మూగోడా అని అడిగారట. "నోరు తెరిస్తే ముత్యాలు రాల్తయారా బిడ్డా? ఒక్క మాట మాట్లాడితే ఏమైతది?"

"మాట్లాడుత తియ్," అన్నాడు. ఎవరితోనో చెప్పలేదు.

గురువారం తొమ్మిదీ ఇరవైకి ప్రోగ్రామ్ ఇరుక్కుంది.

తెర మీద అంకెలు ఆగిపోయాయి. "అంజయ్య గారూ," అంది వసుమతి.

"చూస్తున్న. తొందర లేదు. నిమిషం ఉంది. ఎఫ్ఎన్ పట్టుకోండి. మూలది గాదు, దాని పక్కది."

"తెలుసండీ, ఆ పద్నాలుగు కాగితాలు ఇంకా నా డ్రాయర్‌లోనే ఉన్నాయి."

ఎఫ్ఎన్, ఆర్. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత తెర కింద 'ఆగినది' అని అర్థం వచ్చే ఇంగ్లీషు వరుస కనబడింది. ఆమె వెంటనే మళ్లీ మొదలుపెట్టింది. అంకెలు కదిలాయి. చేయి ఎక్కడా తడబడలేదు. అంజయ్య గమనించాడు.

ప్రోగ్రామ్ పూర్తయ్యేదాకా ఇద్దరూ కాల్‌లోనే ఉన్నారు.

"ఇగ గ్రీన్ పెట్టండి," అన్నాడు.

"ఇంకో గురువారం చూస్తేగానీ నమ్మకం కుదరదేమో," అంది వసుమతి మెల్లగా.

"మీ చేతికి వచ్చేసింది. తడబడలేదు గదా."

"తడబడితే ఆగేవారా?"

అంజయ్యకు ఆ ప్రశ్న ముందు గోడ మీంచి వచ్చింది, తర్వాత చెవిలోకి. రెండుసార్లు విన్నాడు కాబట్టి సరిగ్గా వినలేదని అనుకోవడానికీ వీల్లేకపోయింది.

ఎంతసేపు గడిచిందో తెలియదు. ఏదో చెప్పాలి. చివరికి చేతికి దొరికిన పాత మాటే తీశాడు.

"గ్రీన్ పెట్టండి, వసుమతి గారూ."

వరుస గ్రీన్ అయింది. కాల్ కట్టయింది. ఆ రోజంతా గోడ అవతలి నుంచి కీల చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు.

*

శుక్రవారం పొద్దున రవిశంకర్ తన గదికి పిలిచాడు.

"తలుపు వెయ్యి. కూర్చో. సైన్ చేసే ముందు కేటీ రికార్డింగ్‌లు వినాలని నాకూ రూలు ఉంది. రాత్రి ముద్ద దిగాక వింటూ కూర్చుంటే మా ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంది."

అంజయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. నిన్న రికార్డింగ్ ఎవరూ ఆపలేదు.

"ఇరవై ఏళ్లుగా కేటీలు వింటున్నానయ్యా. నిద్రొచ్చేవి విన్నాను, పోట్లాటలు విన్నాను. ఇలాంటిది వినలేదు. ఆ పిల్ల అంత మాట అడిగితే నిమిషం పది సెకన్లు ఏమీ లేదు. ఆ తర్వాత 'గ్రీన్ పెట్టండి'! మా ఆవిడ ఫోన్ లాక్కుని, ఈ అబ్బాయి ఎవరు, రేపు నాకు చూపించు అంది."

అంజయ్య తల ఎత్తలేదు.

"టీమ్ ఫోల్డర్‌లో పెట్టేముందు ఆ ముక్క కత్తిరించేశాను. కత్తిరించింది నీకు పంపాను. విను. సోమవారం షామ్‌బర్గ్ మారదు, అది నా చేతిలో లేదు. ఇవాళ సాయంత్రం ఐదు దాకా మాత్రం నీ చేతిలో ఉంది."

సీటుకు వచ్చి హెడ్‌సెట్ పెట్టుకున్నాడు. తడబడితే ఆగేవారా? ఆ తర్వాత ఏమీ లేదనుకున్నచోట అంతా ఉంది. ఆమె మైక్‌లో ఆమె ఊపిరి. పెన్ను మూత తీసిన చప్పుడు. దూరంగా, గోడ ఇవతలి నుంచి, ఒక కుర్చీ కిర్రుమంది. పది సెకన్లు. మళ్లీ కిర్రుమంది. ఆ తర్వాత ఆమె ఊపిరి వదలడం.

ఆ కుర్చీ తనది. తను లేచాడు. లేచి, కూర్చున్నాడు. అది ఆమెకు వినబడింది.

అంజయ్య ఆ ముక్కను రెండోసారి వినలేదు. హెడ్‌సెట్ తీసి పెట్టాడు. గోడ చుట్టూ తిరిగి వెళ్లాడు. సీటు ఖాళీగా ఉంది. పన్నెండున్నర అయింది.

ఆమె ప్యాంట్రీలో కిటికీ పక్క బల్ల దగ్గర డబ్బా మూత తీస్తోంది. అంజయ్య తన డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"కూర్చోవచ్చునా?"

"ప్యాంట్రీ మా తాతది కాదండీ."

కూర్చున్నాడు. "నిన్న లేచిన," అన్నాడు. "మళ్ల కూసున్న."

"విన్నాను."

"ఇయ్యాల లేచొచ్చిన."

"చూస్తున్నాను." కళ్లజోడు వెనక కళ్లు ఎర్రగా ఉన్నాయి, కానీ వాటి అంచున ఏదో కదిలింది. "ఇంకా ప్రశ్నలు నేనే అడగాలా? కేటీ అయిపోయిందిగా."

అంజయ్య బల్ల మీద రెండు చేతులూ పెట్టాడు. నాగలి మేడి పట్టుకునేవాడిలా.

"తొమ్మిదేళ్లల్ల ఐదు ఊర్లు వదిలిన. ఏ ఊరూ వెనక్కి గుంజలేదు. ఇది గుంజుతున్నది. ఊరు గాదు, మీరు. సోమవారం నేను పోక తప్పదు. పోయి ఊకె ఉండ. రోజూ ఫోన్ చేస్త. మాట్లాడుడు నేర్చుకుంట. మీకిష్టమైతే మా అమ్మతోని మీ ఇంట్ల మాట్లాడిపిస్త. ఇష్టం లేకపోతే..."

"లేకపోతే?"

"లేదని చెప్పండి. ఏం చెప్పకుండ మాత్రం ఉండకండి. చెప్పకుండ ఉంటే ఎట్లుంటదో ఇందాకనే విన్న."

వసుమతి కిటికీలోంచి బయటికి చూసింది. అంజయ్య ఆ కాసేపటిలో నిన్నటి నిమిషం పది సెకన్లకు పూర్తిగా పరిహారం కట్టాడు.

"మా అమ్మ ఆదివారం గుడికెళ్లి తొమ్మిదింటికి వస్తుంది, అక్కడి టైము," అంది ఆమె చివరికి. "తొమ్మిదిన్నరకి చెయ్యమనండి మీ అమ్మగారిని. ఆవిడ మాట్లాడాక మీరూ మాట్లాడాలి మా నాన్నతో. అవునండి, కాదండి అంటే మా నాన్న ఒప్పుకోరు. ఆయన బస్ కండక్టర్‌గా చేశారు, నోరు తెరవనివాళ్లని చూస్తే అనుమానం."

"మాట్లాడుత."

"ఏం మాట్లాడతారో రాసుకోండి, పోనీ."

"రాసుకుంట."

ఆమె నవ్వింది. ఈసారి ఒక్కసారే వినబడింది, ఎదుట నుంచే. "షామ్‌బర్గ్ నాకు తెలిసిన ఊరే లెండి. దారి అడగక్కర్లేదు నేను. తినండి ముందు, చల్లారిపోతోంది."

ఆమె డబ్బాలో అన్నం, దొండకాయ వేపుడు. ఇతని డబ్బాలో చపాతీ, పెసరపప్పు. వసుమతి వేపుడు సగం తీసి అతని మూతలో వేసింది. అంజయ్య ఒక చపాతీ మడిచి ఆమె వైపు పెట్టాడు. వేపుడులో ఉప్పు తక్కువైంది. ఇద్దరికీ తెలిసింది, ఎవరూ అనలేదు. బయట గాలికి పార్కింగ్ లాట్‌లో నీళ్లు చారలు చారలుగా కదులుతున్నాయి. తలలు వంచుకుని, తొందర లేకుండా, ఇద్దరూ చివరి ముద్ద దాకా తిన్నారు.